బడిలో కంపోస్టు డ్రమ్ము కంపు కొడుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఒక హైస్కూల్లో సైన్స్ చెప్తాను. తడి చెత్త, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరు చేయాలని ఘన వ్యర్థాల నిబంధనల్లో ఉంది కదా. పాఠం చెప్పి ఊరుకోకుండా ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించాలనిపించింది. 200 లీటర్ల నీలం డ్రమ్ముకు చుట్టూ బొక్కలు కొట్టించి, మధ్యాహ్న భోజనంలో మిగిలింది అందులో వేయడం మొదలుపెట్టాం.

పది రోజులు బానే ఉంది. ఇప్పుడు మూత తీస్తే చాలు, పుల్లటి కుళ్లు వాసన. అడుగున నల్లనీళ్లు, అంచుల వెంట తెల్లపురుగులు. గోడ అవతలి ఇంటావిడ నిన్న వచ్చి "ఏంది సార్ ఈ కంపు, మేం అన్నం తినొద్దా?" అనడిగింది. ఆమె మాటా నిజమే.

తప్పెక్కడో కొంత తెలుసు. సాంబారన్నం ఎక్కువ, ఎండుటాకులు తక్కువ. నత్రజనికి సుమారు 30 రెట్లు కార్బన్ (ఎండుటాకుల్లో ఎక్కువుండేది) ఉండాలని బోర్డు మీద రాసింది నేనే! కానీ బడిలో ఉన్నది ఒక్క వేపచెట్టు. రైసుమిల్లులకు ఇక్కడ కొదవ లేదు, ఊక దొరుకుతుంది. అయితే ఊకలో సిలికా ఎక్కువ, తొందరగా చివకదు. తడి పీల్చడానికైనా పనికొస్తుందా? కొబ్బరిపొట్టు మేలా? నల్లనీళ్లు పోవడానికి కింద కుళాయి పెట్టించాలా, డ్రమ్మును ఇటుకల మీదికెక్కిస్తే సరిపోతుందా?

ఇంట్లోనో అపార్ట్‌మెంట్లోనో చేసినవాళ్లు చెప్పండి. హెడ్‌మాస్టరు గారు సోమవారం దాకా గడువిచ్చారు. మొదట్లో పురుగుల్ని చూసి వాంతి చేసుకున్న పిల్లోడే ఇప్పుడు రోజూ కర్రతో కలుపుతున్నాడు. డ్రమ్ము తీసేస్తున్నామని వాడికెట్లా చెప్పేది?