ఫౌలర్ ప్రభావంపై ఏం చదవాలో చెప్పగలరా?

నమస్కారం. హెన్రీ ఫౌలర్ 1926లో వెలువరించిన 'మోడరన్ ఇంగ్లిష్ యూసేజ్' అనే ఇంగ్లిష్ వాడుక నిఘంటువు పది రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఇంగ్లిష్‌లో 'టు'కీ (to) దాని వెంట వచ్చే క్రియకీ మధ్య మరో మాట రాకూడదని బళ్లో మాకు నూరిపోశారు. ఆయనేమో ఈ విషయంలో జనాన్ని ఐదు రకాలుగా విడదీసి, ఆ గొడవ తెలియనూ తెలియక, పట్టనూ పట్టనివాళ్లు హాయిగా ఉన్నారన్నారు! చదివి ఎంత తేలికపడ్డానో.

1965లో గవర్స్ నెమ్మదిగా సవరించిన ఈ పుస్తకాన్ని 1996లో బర్చ్‌ఫీల్డ్ దాదాపు తిరగరాశారు. ఫౌలర్‌ది తీర్పు చెప్పే గొంతు, బర్చ్‌ఫీల్డ్‌ది జనం వాడుకను గమనించే చూపు. నాకైతే మొదటిదే ప్రాణం.

'దట్' (that), 'విచ్' (which) వాడకంలో ఫౌలర్ సూచించిన తేడాను (దేని గురించో తేల్చి చెప్పే ఉపవాక్యానికి 'దట్', అదనపు సమాచారం చేర్చేదానికి 'విచ్') తర్వాతి వ్యాకరణవేత్తలు, నిఘంటుకారులు ఎంతవరకు స్వీకరించారు? దీని మీద మంచి పరిశోధన ఏదైనా మీరు చదివి ఉంటే దయచేసి పేరు చెప్పండి. తెలుగులో ఉంటే మరీ సంతోషం.