బాన్‌ఫైర్‌ని మళ్ళీ క్యాంపస్‌లోకి తేవాలా, వద్దా?

బ్రజోస్ బుల్లోడు:
నిన్న రాత్రి మా రూమ్‌లో పప్పుచారు చల్లారిపోయేదాకా వాదించుకున్న విషయం ఇది. నేను అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఎమ్మెస్. ఇక్కడ ఫుట్‌బాల్ ఆటకి వెళ్తే స్టూడెంట్లు మొదట్నుంచి చివరిదాకా నిలబడే ఉంటారు. 1922లో దెబ్బలు తగిలి ఆటగాళ్ళు తగ్గిపోతుంటే, పైన కూర్చుని ఆట చూస్తున్న ఒక కుర్రాడు పిలవగానే కిందికొచ్చి టీమ్ డ్రెస్సు వేసుకున్నాడు. చివరికి ఆటలోకి దించలేదు, అయినా సిద్ధంగా నిలబడే ఉన్నాడు. ఆయన గుర్తుగా అన్నమాట. దాంతో నాకు పేచీ లేదు. కాళ్ళు పీకుతాయి, అంతే.

పేచీ బాన్‌ఫైర్‌తో. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌తో ఆటకి ముందు స్టూడెంట్లే గొడ్డళ్ళతో చెట్లు కొట్టి, దుంగలు నిలబెట్టి, అంతస్తులుగా కట్టి తగలబెట్టేవారు. 1969లో ఎత్తు 109 అడుగులు దాటింది. కొసన అవతలి వాళ్ళ నారింజ రంగు పూసిన మరుగుదొడ్డి! అర్ధరాత్రి దాటేదాకా కూలకపోతే ఆట గెలిచినట్టేనని నమ్మకం. 1999 నవంబరు 18న తెల్లవారుజామున 2:42కి, ఇంకా కడుతుండగానే, కూలింది. 12 మంది పోయారు, 27 మందికి దెబ్బలు. ఆ తర్వాత క్యాంపస్‌లో వెలగలేదు. 2011తో ఆగిన ఆ రెండు టీముల పోటీ 2024లో మళ్ళీ మొదలయ్యేసరికి ఈ చర్చా లేచింది. కాంట్రాక్టర్లతో కట్టిద్దామన్నారు, యూనివర్సిటీ ప్రెసిడెంటు ఒప్పుకోలేదు. నా మాటా అదే, వద్దు.

కందనూలు కర్ర:
అన్నా, మాది ఆలూరు పక్క. దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరం సంగతి వినే ఉంటావు. పోలీసులు ఊరూరా తిరిగి చెప్తారు, అయినా తలలు పగులుతాయి. ఆపగలిగినారా? మీ బాన్‌ఫైర్ మాత్రం ఆగిందా? ఊరవతల ప్రైవేటు స్థలంలో పిల్లోళ్ళు కడుతూనే ఉండారు కదా. లోపలికి తెచ్చి ఇంజనీర్లని పెట్టుకునేది మేలా, కళ్ళు మూసుకునేది మేలా?

సెంట్రింగ్ మామ:
సివిల్ వాణ్ణి కాబట్టి కాస్త అడ్డొస్తున్నా. ఆ కూలడం మీద 2000లో వచ్చిన కమిషన్ రిపోర్టు ప్రకారం, రెండో అంతస్తు దుంగల్ని మొదటి అంతస్తు సందుల్లోకి బలంగా దిగ్గొట్టారు. లోపలి ఒత్తిడి బయటికి తన్నింది. పట్టి ఉంచాల్సిన కట్టు చాల్లేదు. అంతకుముందు కింది అంతస్తుకి చుట్టే స్టీలు కేబుళ్ళు ఆ ఏడు చుట్టనే లేదు. పీపాకి ఇనప పట్టీలు ఊడదీసి, లోపల ఇంకో నాలుగు చెక్కలు దిగ్గొట్టినట్టు. పైగా కాగితం మీద డిజైనన్నదే లేదు, సీనియర్ చెప్తే జూనియర్ చేయడమే. 1994లో నేల నాని ఒరిగిపోతే విప్పి మళ్ళీ కట్టి వెలిగించారు. నన్నడిగితే అసలు తప్పు అప్పుడే జరిగింది. అది హెచ్చరిక అని ఎవరికీ తోచలేదు, "చూశారా, కట్టేశాం" అనుకున్నారు.

ఇప్పుడు ఊరవతల కట్టేదాంట్లో ప్రతి దుంగా నేల మీదే ఆనుతుంది. కాబట్టి లెక్క తెలియక కాదు సమస్య.

ఓరుగల్లు ఆడబిడ్డ:
కాంట్రాక్టర్ కడితే గదేం బాన్‌ఫైర్ అండీ? బతుకమ్మను ఆర్డర్ ఇచ్చి తెప్పించుకున్నట్టు ఉంటది. తంగేడు మనమే తెంపాలె, మనమే పేర్చాలె. పిల్లలు కట్టుడే దాని పానం. గది తీసేస్తే మిగిలేది పొగనే. కడితే వాళ్ళే కట్టాలె, లేదంటే ఇడిచిపెట్టాలె.

బ్రజోస్ బుల్లోడు:
ఆడబిడ్డ గారూ, సరిగ్గా అందుకే వద్దంటున్నా. వాళ్ళు కడితేనే అది బాన్‌ఫైర్, వాళ్ళు కడితే పూచీ యూనివర్సిటీది. కర్ర తమ్ముడూ, దేవరగట్టుకి వెళ్ళేవాడు తన ఊరి దేవుడి కోసం తనంతట తాను వెళ్తాడు. ఇక్కడ అమ్మానాన్నలు పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని కాలేజీకి అప్పజెప్పి వెళ్ళారు.

పోయిన నవంబరు 18న 2:42కి మెమోరియల్ దగ్గరికి వెళ్ళాను. పోయినవాళ్ళకి 12 ద్వారాలు, ఒక్కోటి ఆ పిల్లాడిదో పిల్లదో సొంత ఊరివైపు తిరిగి ఉంటుంది. ఒకదాంట్లో నిలబడి చూస్తే ఎదురుగా చీకటి తప్ప ఏమీ లేదు. చుట్టూ వేలమంది, కానీ ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

కందనూలు కర్ర:
అప్పజెప్పిన మాట నిజమే అన్నా. కానీ ఊరవతల కట్టేవాళ్ళూ ఆ కాలేజీ పిల్లోళ్ళేగా? గేటు దాటితే పూచీ తీరిపోయిందా?

బ్రజోస్ బుల్లోడు:
దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఓరుగల్లు ఆడబిడ్డ:
ఇంతకీ మీ రూమ్మేట్ ఏమంటుండు?

బ్రజోస్ బుల్లోడు:
వాడా? శనివారం దుంగలు కొట్టడానికి పోతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక గొడ్డలి పట్టలేదు. ముందు ఇనప తొడుగున్న బూట్లు కావాలని నావి అడిగాడు. ఇచ్చాను.