టెక్నికల్ రైటర్ ఉద్యోగానికి బీటెక్ ఎందుకు?

తెనాలి_అబ్బాయి:
మా అక్క ఎం.ఏ. ఇంగ్లీష్. టెక్నికల్ రైటర్ (సాఫ్ట్‌వేర్‌కీ, యంత్రాలకీ మాన్యువల్స్ రాసే) పోస్టుకి అప్లై చేస్తే, ఒక కంపెనీ హెచ్‌ఆర్ "బీటెక్ గానీ ఎంసీఏ గానీ ఉండాలి" అని ఫోన్ పెట్టేసింది. రాసే పనికి ఇంజినీరింగ్ పట్టా ఎందుకండీ?

కోడ్_కుర్రాడు:
దేని గురించి రాస్తున్నామో తెలియాలి కదా బ్రో. మా టీమ్‌లో ఒకావిడ ఇంగ్లీష్ ముత్యాలే. ఏపీఐలో (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని పిలిచే దారి) టైమౌట్, అంటే జవాబు కోసం ఆగే సమయం, 900 అని ఉంటే డాక్స్‌లో "900 సెకన్లు" అని రాసేసింది. అవి మిల్లీసెకన్లు! కస్టమర్ పావుగంట ఆగుతుందనుకున్నాడు, సెకను తిరక్కముందే కనెక్షన్ తెగిపోయింది.

సిరి_డాక్స్:
పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, చదివింది బీఎస్సీ బోటనీ. ఆవిడ చేసిన తప్పు అడగకపోవడం. ఒక్కసారి ఏపీఐ కాల్ చేసి చూసినా బయటపడేది.

ఇక మీ ఇంజినీర్ల సంగతి. మొన్న మాకొచ్చిన డ్రాఫ్ట్:
"4. సర్వర్ రీస్టార్ట్ చేయండి.
5. గమనిక: రీస్టార్ట్‌కి ముందు బ్యాకప్ తీసుకోవాలి."
నాలుగు చేసేశాక ఐదు చదివి ఏం లాభం? జర్నలిజం చదివిన మా కొలీగ్ రెండు నిమిషాల్లో పట్టేశాడు. రాసినాయనకి ఆ సర్వర్ కొట్టిన పిండి. బ్యాకప్ ఆయన చేతికి అలవాటైపోయింది, అందుకే కనబడలేదు.

అన్నట్టు, 1949లో బైనాక్ కంప్యూటర్‌కి యూజర్ మాన్యువల్ రాసిన జోసెఫ్ చాప్లిన్ ఆర్గన్ వాయిద్యకారుడు కూడా.

కోడ్_కుర్రాడు:
మేడమ్, అదే చాప్లిన్ అంతకుముందు మూర్ స్కూల్ అనే ఇంజినీరింగ్ కాలేజీలో డిఫరెన్షియల్ ఎనలైజర్ అనే లెక్కల యంత్రం దగ్గర పనిచేశాడు. ఆర్గన్ వాయించాడని మాన్యువల్ రాయనివ్వలేదు కదా!

సిరి_డాక్స్:
ఒప్పుకున్నా. మెషీన్ దగ్గర కూర్చున్నాడు. నేను అడిగేదీ అదే, కూర్చోనివ్వమని.

హ్యాంగర్_రావు:
మాది విమానాల మెయింటెనెన్స్. మా మాన్యువల్స్‌కి ఎస్‌టీఈ (సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్) అని కట్టుదిట్టమైన ఇంగ్లీష్ ఉంది. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. 'క్లోజ్' అంటే మూయడమే. 'దగ్గర' అని చెప్పాలంటే 'నియర్' రాయాలి. ఇది ఏ డిగ్రీ వాళ్లకైనా కొత్తే. నిజం చెప్పాలంటే సాహిత్యం చదివినవాళ్లకే ముందు తంటా. ఒకే మాట రెండుసార్లు రాయాలంటే వాళ్ల చెయ్యి ఆడదు.

సిరి_డాక్స్:
హహ, నిజమే. తమ్ముడూ, అక్కని మార్క్‌డౌన్ (డాక్స్ రాసే తేలికైన పద్ధతి), గిట్ (ఫైళ్లలో మార్పుల లెక్క ఉంచే టూల్) కాస్త పట్టుకోమను. ఇంట్లో ఏదో ఒక వస్తువు మాన్యువల్ తిరగరాసి శాంపిల్‌గా పెట్టమను. బీటెక్ అడిగే కంపెనీలు అడుగుతూనే ఉంటాయి, శాంపిల్ చూసేవాళ్లూ ఉన్నారు.

తెనాలి_అబ్బాయి:
ప్రెషర్ కుక్కర్ పుస్తకం ముందేసుకుందండీ. అందులో ఒకే దాన్ని ఓ చోట వెయిట్ అన్నారు, ఓ చోట విజిల్, ఇంకో చోట రెగ్యులేటర్. అమ్మని వంటింట్లోంచి పిలిచి, ఒక్కో భాగం చేత్తో చూపించమని రాసుకుంటోంది.