నలుగురున్న షాపు, ముగ్గురికే ఉచిత లాగిన్: ఏ సీఆర్‌ఎం తీసుకోవాలి?

తెనాలి_ప్యూరిఫయర్స్:
అందరికీ నమస్కారం. మాది తెనాలిలో వాటర్ ప్యూరిఫయర్ల అమ్మకం, సర్వీసు. నేను, ఫోన్లు తీసే అమ్మాయి, ఇద్దరు టెక్నీషియన్లు. ఏఎంసి (ఏడాది సర్వీసు ఒప్పందం) కస్టమర్లు సుమారు 600 మంది. ఎవరి ఏఎంసి ఎప్పుడు అయిపోతుందో పుస్తకంలో రాసుకుంటున్నాం. మొన్న మార్చిలో రెండు పేజీలు ఒకేసారి తిరిగిపోయి 23 మందికి ఫోన్ చెయ్యలేదు. చేసేసరికి వాళ్లలో 9 మంది వేరేచోట సర్వీసు చేయించేసుకున్నారు. ఇక పుస్తకం వద్దు, సీఆర్‌ఎం (కస్టమర్ల వివరాలు, గడువులు ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకుందామనుకున్నాను. నెలనెలా డబ్బు కట్టే పరిస్థితి ఇప్పుడు లేదు కాబట్టి ఉచితంగా వచ్చేదే కావాలి. జోహో సీఆర్‌ఎం ఉచిత ఎడిషన్ ముగ్గురికే ఇస్తుంది. ఫ్రెష్‌సేల్స్ కూడా ముగ్గురికే. మేం నలుగురం. ఏం చెయ్యమంటారు?

లెక్కల_పద్మ:
నేను చిన్న షాపులకి లెక్కలు రాస్తాను. మీకు గూగుల్ షీట్ చాలండి. పేరు, ఫోను, వీధి, మోడల్, మెంబ్రేన్ (నీళ్లు వడగట్టే పొర) మార్చిన తేదీ, ఏఎంసి అయ్యే తేదీ. ఇంకో 30 రోజుల్లో అయిపోయే వరసలకి రంగు పడేలా పెట్టుకోండి. షాపు తెరవగానే ఆ రంగు వరసలకి ఫోన్లు చెయ్యాలి, అంతే. నలుగురూ వాడొచ్చు. ఎవరు ఏ గడి మార్చారో తర్వాత చూసుకోవచ్చు. ఉచిత ప్లాన్ల పరిమితులు వాళ్లిష్టం వచ్చినప్పుడు మారతాయి. హబ్‌స్పాట్ అనే సీఆర్‌ఎం ఒకప్పుడు ఉచితంగానే పది లక్షల కాంటాక్టులు పెట్టుకోనిచ్చేది. 2024లో కొత్తగా చేరేవాళ్లకి దాన్ని వెయ్యికి తగ్గించారు, యూజర్లు ఇద్దరే. ధర అడిగి వెళ్లిపోయినవాళ్లని కూడా ఎక్కిస్తే మీకు ఏడాదిలో వెయ్యి దాటుతుంది.

హన్మకొండ_బ్యాటరీస్:
షీట్ వద్దన్నా. ఎడిట్ చేసే హక్కు ఇచ్చిన ప్రతి ఒక్కరూ మొత్తం షీటు కాపీ చేసుకోగలరు. చూడటానికి మాత్రమే ఇస్తే కాపీ, డౌన్‌లోడ్ ఆపొచ్చు గానీ అప్పుడు వాళ్లు ఏమీ రాయలేరు. జోహో తీసుకోండి. మీకొకటి, అమ్మాయికొకటి, టెక్నీషియన్లిద్దరికీ కలిపి ఒకటి. అయిపోయింది.

లెక్కల_పద్మ:
ఒక లాగిన్ ఇద్దరికి ఇవ్వకూడదండి. రేపు ఒక ఇంట్లో ఫిల్టర్ మార్చకుండానే మార్చామని రాసి ఉంటే ఎవరు రాశారంటారు? ఇద్దరూ నేను కాదంటారు.

హన్మకొండ_బ్యాటరీస్:
ఇద్దరు మనుషుల షాపులో ఎవరు రాశారో తెలియదా? ఆ రోజు ఆ ఇంటికి ఎవరు పోయిండో అమ్మాయికి తెలుస్తుంది.

లెక్కల_పద్మ:
అన్నీ అమ్మాయికి గుర్తుంటే పుస్తకమే చాలు కదండీ. ఆ 23 మంది ఎందుకు మిస్సయ్యారు?

గుంటూరు_మిర్చి:
జోహోవాళ్లదే బిగిన్ అని ఇంకో సీఆర్‌ఎం ఉంది, చూశారా? చిన్న షాపుల కోసమే చేశారు.

తెనాలి_ప్యూరిఫయర్స్:
చూశానండి. ఉచిత ప్లాన్ ఒక్కరికే, 500 రికార్డులే. మాకు చాలదు.

సొంత_సర్వర్:
యూజర్ల లెక్క మీద ఇంత చర్చ ఎందుకు? సూట్ సీఆర్‌ఎం పెట్టుకోండి. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఉచితంగా తీసుకుని మన సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. నలుగురైనా నలభై మందైనా ఒకటే. పద్మగారు చెప్పిన భయానికి సరైన మందు కూడా ఇదే. షుగర్ సీఆర్‌ఎం 2004లో ఓపెన్ సోర్స్‌గా మొదలైంది. ఆ కంపెనీ తర్వాత ఉచిత ఎడిషన్‌కి కొత్త వెర్షన్లు ఇవ్వడం మానేసింది. అయినా వాడేవాళ్లు రోడ్డున పడలేదు. అప్పటికే బయట ఉన్న కోడ్ తీసుకుని 2013లో వేరేవాళ్లు సూట్ సీఆర్‌ఎం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ నడుస్తోంది. మీ డేటా మీ సర్వర్‌లో ఉంటే రేపు ఎవరూ వచ్చి ముగ్గురే, వెయ్యే అనలేరు. ఖర్చల్లా సర్వర్ అద్దె.

తెనాలి_ప్యూరిఫయర్స్:
ఆ సర్వర్ ఎవరు చూసుకోవాలండి? నాకు రాదు.

సొంత_సర్వర్:
నెలకో గంట పని. అప్‌డేట్లు, బ్యాకప్, అంతే. సైటు భద్రతకి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, గడువు 90 రోజులు. దానంతట అదే రెన్యూ అయ్యేలా ఒకసారి పెట్టుకుంటే చాలు.

లెక్కల_పద్మ:
నా క్లయింటు ఒకాయనకి బంధువుల అబ్బాయి ఇలాగే పెట్టిచ్చి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. రెండేళ్ల తర్వాత అద్దె కట్టమని వచ్చిన మెయిళ్లు ఆ అబ్బాయి పాత ఐడీకి వెళ్లాయి. ఎవరూ చూడలేదు. సర్వర్ ఆగిపోయింది. బ్యాకప్ కూడా ఆ సర్వర్లోనే ఉంది. నాలుగేళ్ల కస్టమర్ల వివరాలు పోయాయి. ఆయన నా ముందు కూర్చుని ఏడ్చారు. నెలకో గంట అని తేలిగ్గా చెప్పకండి.

సొంత_సర్వర్:
అది బ్యాకప్ పెట్టినవాడి తప్పు. సూట్ సీఆర్‌ఎం తప్పు కాదు.

లెక్కల_పద్మ:
తప్పెవరిదైనా పోయింది ఆయన కస్టమర్లు.

ఫీల్డ్‌లో_పదేళ్లు:
నేను పదేళ్లు టెక్నీషియన్‌గా తిరిగాను. ఒక్కటి అడుగుతాను. రోజంతా ఇళ్లకి వెళ్లేది వాళ్లు. ఆ ఇంట్లో నీళ్లు ఎలా ఉన్నాయి, మెంబ్రేన్ ఇంకెన్నాళ్లు వస్తుంది, గృహిణి ఎన్ని గంటలకి ఇంట్లో ఉంటుంది, తెలిసేది వాళ్లకి. లాగిన్ వాళ్లకి లేకపోతే అందులో ఏం రాస్తారు?

హన్మకొండ_బ్యాటరీస్:
తమ్ముడూ, బాధ పడి చెప్తున్న. 2022లో నా దగ్గర ఒక పిల్లగాడు పని నేర్చుకున్నడు. బ్యాటరీలో నీళ్లు పోయడం కూడా నేనే నేర్పిన. 140 మంది నంబర్లు తీసుకుని పోయి రెండు వీధుల అవతల షాపు పెట్టిండు. అందుకే అంటున్న. టెక్నీషియన్లకి మొత్తం లిస్టు కనపడకూడదు. ఆ రోజు పోవాల్సిన అడ్రస్ ఒక్కటి వాట్సాప్‌లో పంపితే చాలు.

ఫీల్డ్‌లో_పదేళ్లు:
పంపండి. ఏ సిమ్‌కి పంపుతారు? అతని సొంత సిమ్‌కి కదా? నంబర్ అతని ఫోన్లోకి వచ్చేసినట్టే. మీరు పెట్టిన ఏ సీఆర్‌ఎం దాన్ని ఆపుతుంది?

మీరు ఆ పిల్లవాడి గురించి చెప్పారు, నేను నా గురించి చెప్తాను. బండి నాది, ఫోను నాది, రీచార్జ్ నాది. మా అత్తగారి వీధిలో 30 ఇళ్లు నేను తెచ్చినవే. మానేస్తానని చెప్పిన రోజు ఓనరు నా ఫోను లాక్కుని కాంటాక్టులన్నీ తుడిచేశాడు. వాటితో పాటు మా అక్క నంబరు, డాక్టరు నంబరు పోయాయి. ఆఖరి నెల జీతం ఇవ్వలేదు. ఆయన కూడా ఊళ్లో నన్ను దొంగ అనే చెప్పుకున్నాడు.

హన్మకొండ_బ్యాటరీస్:
జీతం ఆపడం తప్పు. కానీ కస్టమర్ షాపును చూసి వస్తడు. బోర్డు నాది, వారంటీ నాది, పాడైతే తిట్లు తినేది నేను.

ఫీల్డ్‌లో_పదేళ్లు:
మీరు మెచ్చుకుంటున్న జోహోలోనే చూడండి. కొత్త లీడ్ (కస్టమర్ కాబోయే మనిషి) ఎక్కించినప్పుడు లీడ్ ఓనర్ అని ఒక గడి ఉంటుంది. అందులో షాపు పేరు రాదు, ఆ కస్టమర్‌ని చూసుకునే మనిషి పేరు వస్తుంది. లాగిన్ లేనివాళ్ల పేరు అందులో పెట్టలేరు. ముగ్గురా నలుగురా అని మీరంతా కొట్లాడుకునేది నిజానికి ఎవరి పేరు అక్కడ ఉండకూడదు అనే.

హన్మకొండ_బ్యాటరీస్:
ఆ గడికి అర్థం బాధ్యత ఎవరిదని. ఆస్తి ఎవరిదని కాదు.

ఫీల్డ్‌లో_పదేళ్లు:
బాధ్యత మాది, ఆస్తి మీది. పదేళ్లు నేను విన్నది అదే.

నరసరావుపేట_గృహిణి:
మా ఇంటి నంబరు మీలో ఎవరిదో మీరు తేల్చుకునే ముందు మమ్మల్ని కూడా ఒక మాట అడగండి. సర్వీసు మానేసి ఏడాదైనా ముగ్గురు ఫోన్లు చేస్తున్నారు.

సొంత_సర్వర్:
సూట్ సీఆర్‌ఎంలో ఎవరికి ఏది కనపడాలో రోల్స్ పెట్టుకోవచ్చు. అందులో ఈ గొడవ ఉండదు.

లెక్కల_పద్మ:
తెనాలిగారూ, మీరు మాట్లాడటం లేదు. టెక్నీషియన్ల గురించి మీ ఉద్దేశం ఏమిటి?

తెనాలి_ప్యూరిఫయర్స్:
రాత్రంతా ఇది చదువుతూ కూర్చున్నాను. మొదట రాసినప్పుడు ఒక విషయం చెప్పలేదు. మార్చిలో పోయిన 9 మందిలో నలుగురు వేరే షాపుకి పోలేదు. మా సీనియర్ టెక్నీషియన్‌కే నేరుగా ఫోన్ చేసి చేయించుకున్నారు. డబ్బులు అతనికే ఇచ్చారు. ఏడేళ్లుగా ఉన్నాడు. ఉగాదికి జీతం పెంచమని అడిగితే దసరాకి చూద్దామన్నాను. నాకు సీఆర్‌ఎం కావాలనిపించింది ఆ నాలుగు ఇళ్ల సంగతి తెలిసిన రోజే. అతను రేపు వెళ్లిపోతే నా పుస్తకంలో 600 పేర్లుంటాయి, గేటు తీసేది మాత్రం అతనికే.

హన్మకొండ_బ్యాటరీస్:
నేను చెప్పింది అదే కదన్నా. ఇప్పుడైనా లిస్టు మీ చేతిలోకి తెచ్చుకోండి.

ఫీల్డ్‌లో_పదేళ్లు:
ఆ నాలుగు ఇళ్లలో డబ్బు తీసుకోవడం తప్పే. నేను వెనకేసుకు రాను. కానీ ముందు అతనితో కూర్చుని మాట్లాడండి. కంపెనీ సిమ్ ఇవ్వండి, పెట్రోల్ ఇవ్వండి, ఏఎంసి రెన్యూ చేయిస్తే ఇంత అని చెప్పండి. లాగిన్ సంగతి ఆ తర్వాత.

లెక్కల_పద్మ:
కంపెనీ సిమ్‌లో వాట్సాప్ బిజినెస్ వేసి ఇవ్వండి. నంబరు షాపుదే ఉంటుంది. షాపులో కంప్యూటర్‌కి కూడా లింక్ చేసుకోవచ్చు. కాకపోతే ఆ మాట అతనికి ముందే చెప్పి చెయ్యండి.

తెనాలి_ప్యూరిఫయర్స్:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. అతనితో మాట్లాడాను. మొదట కోపం వచ్చింది ఇద్దరికీ. ఆ నాలుగు ఇళ్ల డబ్బు సంగతి తనే ఎత్తాడు. జీతం ఈ నెల నుంచే పెంచాను, రెన్యువల్‌కి వంద రూపాయలు. కంపెనీ సిమ్ తీసుకున్నాడు. జోహోలో ముగ్గురం: నేను, అమ్మాయి, అతను. రెండోవాడు చేరి రెండు నెలలే, అతని విజిట్లు అమ్మాయి ఎక్కిస్తుంది. లాగిన్ ఇచ్చాక అతను అడిగింది ఒకటే, తను తెచ్చిన ఇళ్లకి ఆ ఓనర్ గడిలో తన పేరు ఉంటుందా అని. 212 ఇళ్లకి పెట్టాను.

హన్మకొండ_బ్యాటరీస్:
మీ ఇష్టం అన్నా. నేనైతే పెట్టను.

లెక్కల_పద్మ:
ప్రతి నెలా ఒకటో తారీఖున మొత్తం సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా) ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. పెన్‌డ్రైవ్ షాపులో ఉంచకండి, ఇంటికి తీసుకెళ్లండి.