ట్రయాన్ తిరుగుతుందా, గుంటలో చిక్కుకుని ఉంటుందా?

బావిగట్టు: గాలియం ఆర్సెనైడ్ క్వాంటం బావిలో, అంటే ఎలక్ట్రాన్లను బంధించే పలుచని అర్ధవాహక పొరలో, ఎక్సైటాన్ (ఒక ఎలక్ట్రాన్, ఒక హోల్ జత) కాంతి గీతకు సుమారు 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు కింద కనిపించే గీత ట్రయాన్‌దే. ట్రయాన్ అంటే రెండు ఎలక్ట్రాన్లు, ఒక హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ). ఇందులో పేచీ లేదు. అది పొరలో స్వేచ్ఛగా తిరుగుతుందనే మాటనే నేను ఒప్పుకోను. 1998లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు అతి చిన్న చోట్లను విడివిడిగా చూపే సమీప క్షేత్ర సూక్ష్మదర్శినితో చూస్తే, ట్రయాన్ వెలుగు మచ్చలు మచ్చలుగా వచ్చింది. దూరపు పొరలోని డోనార్ల (ఎలక్ట్రాన్లను ఇచ్చే కల్తీ పరమాణువుల) ఆవేశం వల్ల ఏర్పడిన ఎగుడుదిగుడుల్లో ఎలక్ట్రాన్ ముందే ఇరుక్కుని ఉంటుంది. ఎక్సైటాన్ వెళ్లి దాన్ని చేరుతుంది.

నునుపుపొర: 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగం చూడండి. విద్యుత్ క్షేత్రం పెడితే ట్రయాన్ల వెలుగు జరిగింది. ఇరుక్కున్నది జరుగుతుందా?

బావిగట్టు: వెలుగు జరిగితే ట్రయాన్ జరిగినట్టేనా? ఎలక్ట్రాన్లే జరిగి, అక్కడ కొత్త ట్రయాన్లు పుట్టి ఉండవచ్చు.

కెల్విన్4: ముందు బావి వెడల్పు ఎంతో చెప్పండి ఇద్దరూ.

నునుపుపొర: మంచి ప్రశ్న. 5 నానోమీటర్ల బావిలో ఒక్క పరమాణు పొర తేడా వస్తే శక్తి అనేక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు మారుతుంది. 20 నానోమీటర్లలో అది ఒకటికి లోపే. గరుకు బావిలో చూసినదాన్ని అన్ని బావులకూ అంటగట్టకూడదు.

బావిగట్టు: "గరుకు"! నా థీసిస్‌లో ఒక అధ్యాయాన్ని పరీక్షకుడు ఈ ఒక్క మాటతోనే కొట్టేశారు. నాలుగేళ్ల పని అది. తెల్లవారుజామున మూడు గంటలకు, ద్రవ హీలియం అడుగంటుతుండగా, లేజర్ చుక్కను వెంట్రుకవాసి జరిపితే చాలు, గీత ఆకారం మారిపోయేది. కళ్లారా చూశాను.

నునుపుపొర: మీ స్ఫటికాన్ని నేను తప్పుపట్టలేదండీ. శోషణ వర్ణపటం, అంటే ఏ కాంతిని మింగుతుందో, తీశారా?

బావిగట్టు: లేదు. ఉద్గారమే, అది వెలువరించే కాంతే.

నునుపుపొర: నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. వెలిగేలోపే ట్రయాన్లు లోతైన చోట్లకు జారిపోతాయి. అందుకే ఉద్గారంలో గుంటల అడుగే ఎక్కువగా కనిపిస్తుంది. శోషణ అన్ని చోట్లనూ లెక్కపెడుతుంది. 1993లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో కాడ్మియం టెల్యూరైడ్ బావుల్లో ట్రయాన్‌ను శోషణతోనే, అయస్కాంత క్షేత్రంలో వృత్తాకార ధ్రువణం చూసి గుర్తుపట్టారు.

బావిగట్టు: అయితే మీ తగాదా ట్రయాన్‌తో కాదు. ఉద్గారం ఒక్కటే చూసి అది ఇరుక్కుందని అన్నందుకు.

నునుపుపొర: మొదటి నుంచీ అంతే. నేనే ఆ మాట ముందు చెప్పాల్సింది.

కెల్విన్4: గ్రెనోబుల్ వారిది, బావిని పెంచిన అడుగు పలక, పారదర్శకమైన ఆధారఫలకం. గాలియం ఆర్సెనైడ్‌లో ఆ ఫలకమే కాంతిని మింగేస్తుంది. వెనక నుంచి దాన్ని చెక్కేయాలి.

బావిగట్టు: చెక్కితే పొరలో ఒత్తిడి మారుతుంది, గీతలు జరుగుతాయి. మళ్లీ "గరుకు" అంటారు.

నునుపుపొర: చెక్కవద్దు. పరావర్తనం తీయండి, తెల్లకాంతి దీపం చాలు. ఎక్సైటాన్, ట్రయాన్ రెండూ పడతాయి. ఉద్గార గీతకూ పరావర్తన గీతకూ మధ్య ఎంత ఎడం ఉందో చూస్తే గుంటల లోతు తెలుస్తుంది.

బావిగట్టు: ముక్క నా దగ్గరే ఉంది. తీస్తాను. మచ్చల మాట మాత్రం వెనక్కి తీసుకోను.