డబ్బు పెట్టినవాడే ఫలితమూ రాయిస్తాడా?

గాజుకుప్పె (చర్చ మొదలుపెట్టినవారు)

నాకో మిత్రుడున్నాడు. పరిశోధన పేపరు తెరవగానే నేరుగా చివరికి వెళ్తాడు. నిధులు ఎవరిచ్చారో చూస్తాడు. కంపెనీ పేరు కనిపిస్తే అక్కడే మూసేస్తాడు. ఒకప్పుడు నేనూ అంతే. ఇప్పుడా లెక్క తప్పనిపిస్తోంది. డబ్బు ఎవరిదైనా కానీండి, ఫలితం నచ్చకపోతే తొక్కిపెట్టే హక్కు ఎవరి చేతిలో ఉందో అది చూడాలి అంటాను.

పెట్రోల్లో సీసం సంగతే తీసుకోండి. 1921లో జనరల్ మోటార్స్ ల్యాబులో థామస్ మిడ్‌గ్లీ టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం పదార్థం కలిపితే ఇంజన్ నాకింగ్, అంటే ఇంజన్ టకటక కొట్టుకోవడం, ఆగుతుందని కనిపెట్టాడు. ఆల్కహాలు కలిపినా ఆగుతుందని అప్పటికే తెలుసు. కానీ ఆల్కహాలుకి పేటెంటు ఎవరిస్తారు? 1924లో న్యూజెర్సీలోని ఒక రిఫైనరీలో ఆ పదార్థం తయారుచేసే కార్మికులు ఐదుగురు మతి చలించి చనిపోయారు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు సీసం విషయంలో అందరూ విన్నది ప్రధానంగా ఒక్క డాక్టరు మాట. ఆయన రాబర్ట్ కెహో. సీసం ఒంట్లో సహజంగానే ఉంటుంది, ఒక హద్దు దాటితేనే ప్రమాదం అనేవాడు. ఆయన ఆ సీసం పదార్థం అమ్మే ఈథైల్ కంపెనీకే వైద్య సలహాదారు, ల్యాబు నడిచేదీ ఆ పరిశ్రమ డబ్బుతోనే. కంచె చేను కాస్తోందని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

గుట్టు బయటపెట్టింది ఇంకో డాక్టరు కాదు, భూమి వయసు లెక్క కడుతున్న క్లెయిర్ ప్యాటర్సన్. ఆ లెక్క కోసం ఉల్కలో సీసం కొలవబోతే గాలిలో, నీళ్లలో, గాజు సామాను మీద, ఎక్కడ చూసినా సీసమే. అన్నీ ఆమ్లంతో కడిగి, దుమ్ము చొరబడని గది ఏర్పాటు చేసుకుని, 1956లో 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఇంతకీ ఈ సీసం ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్లి, మన ఒంట్లో ఉండాల్సినదానికి దాదాపు వంద రెట్లుందని 1965లో రాశాడు. అంతే, పెట్రోలియం పరిశ్రమ సంఘం ఇచ్చే నిధులు ఆగిపోయాయి. గాలిలో సీసం మీద అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 1971లో వేసిన కమిటీలో, ఆ విషయం అందరికంటే బాగా తెలిసిన ఆయనకే చోటు దొరకలేదు.

గమనించండి, ప్యాటర్సన్‌కి కొన్నాళ్లు డబ్బిచ్చిందీ ఆ పరిశ్రమే. నా మిత్రుడి పద్ధతిలో అయితే ఆయన పేపర్లూ చదవకూడదు మరి.

వోల్ట్‌మీటర్

గాజుకుప్పె గారూ, బాగా రాశారు కానీ కథ సగంలో ఆపేశారు. అమెరికాలో సీసం లేని పెట్రోలు బంకుల్లోకి ఎందుకొచ్చింది? 1975 మోడల్ కార్లకి, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టారు. సీసం తగిలితే అది పాడైపోతుంది. సీసం దెబ్బతీసే పిల్లల మెదడు కోసం కదలనివాళ్లు కన్వర్టర్ కోసం కదిలారు! జనరల్ మోటార్సే ముందుండి అడిగింది. అంటే వ్యాపార ప్రయోజనం సైన్సుకి ఎప్పుడూ అడ్డమే అనలేం.

పెన్సిలిన్ చూడండి. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో దాన్ని మొదట ఎక్కించిన రోగుల్లో ఒక పోలీసు ఉన్నాడు. మందు చాలక, ఆయన మూత్రంలోంచే పెన్సిలిన్ తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు. కోలుకుంటున్న మనిషి, మందు అయిపోయి చనిపోయాడు. అప్పటికి ఆ ల్యాబువాళ్లు బెడ్‌పాన్లలో బూజు పెంచుతున్నారు. 1944లో నార్మండీ దాడి నాటికి సైనికులకి సరిపడా మందు సిద్ధంగా ఉంది. బూజు పెంచే పెద్ద పెద్ద ట్యాంకులు కంపెనీలవి, తొందర యుద్ధానిది. ప్రొఫెసర్ల మంచితనం ఒక్కదానితో అయ్యే పనా అది?

పాతపుస్తకం

కంపెనీల సంగతి సరే, రాజకీయం దిగితే ఇంకా ఘోరం. కంపెనీ అయితే నిధులు ఆపుతుంది. సర్కారు అయితే జైల్లో వేస్తుంది.

సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ వవిలోవ్ ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు సేకరించినవాడు. జన్యుశాస్త్రం బూటకమన్న లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్తకి స్టాలిన్ అండ ఉంది. వవిలోవ్‌ని 1940లో పట్టుకెళ్లారు. 1943లో సరాతోవ్ జైల్లో ఆకలికి కృశించి పోయాడు. విచిత్రం ఏమిటంటే, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆయన విత్తనాల్ని కాపాడినవాళ్లలో కొందరు, చేతికందే దూరంలో ధాన్యం పెట్టుకుని, దాన్ని ముట్టకుండా ఆకలితోనే చనిపోయారు.

1948 జులై చివర్లో లైసెంకో చదివిన ఉపన్యాసం చిత్తుప్రతిని స్టాలిన్ స్వయంగా దిద్దాడు. ఏ సైన్సయినా ఏదో ఒక వర్గానిదే అన్న వాక్యం పక్కన మార్జిన్లో నవ్వు రాసి, మరి గణితమో అని అడిగాడు. అంటే ఆయనకీ తెలుసన్నమాట! అయినా సరే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఉప్పుకల్లు

మీ ముగ్గురూ దొంగతనం జరిగిన కేసులే చెప్తున్నారు. అలాంటివి నాదగ్గరా ఉన్నాయి. గుండె జబ్బులకి కొవ్వుదే తప్పు, చక్కెరది కాదన్నట్టు 1967లో హార్వర్డ్ వాళ్లు రాసిన సమీక్షకి చక్కెర పరిశ్రమ 6,500 డాలర్లిచ్చిందని 2016లో గానీ బయటపడలేదు.

కానీ నా బాధ వేరే. ఎవరూ ఏదీ తొక్కిపెట్టకపోయినా నష్టం జరుగుతుంది. మొండి బ్యాక్టీరియాకి ప్లాజోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారైంది. 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. తయారుచేసిన అకేయోజెన్ కంపెనీ 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. మందు పనిచేయక కాదు. కొత్త యాంటీబయాటిక్‌ని డాక్టర్లు దాచుకుని వాడాలి, రోగి వారం పది రోజులే వేసుకుంటాడు. బీపీ మాత్రలా జీవితాంతం అమ్ముడయ్యే సరుకు కాదు. ఇక్కడ దొంగ ఎవరు? అడగాల్సిన ప్రశ్నని ఎవరూ అడగకపోవడమే అసలు ప్రభావం. గాజుకుప్పె గారి సూత్రానికి ఇది అందదు.

టెస్టురిపోర్టు

నేను పరీక్షలు చేసే ల్యాబులో పనిచేశాను, పేరు వద్దు. ఒక పూత ఎండకీ తేమకీ ఎన్నాళ్లు నిలుస్తుందో చూడమన్నారు. పదమూడు నెలల పని. ఒక రకం పూత ఐదో నెలకే పొరలు పొరలుగా లేచిపోయింది. నివేదికలో "గణనీయంగా దెబ్బతింది" అని రాశాను. తిరిగొచ్చిన ప్రతిలో "గణనీయంగా" మీద ఎర్ర గీత. రెండోసారి "దెబ్బతింది" పోయి "కొంత మార్పు కనిపించింది" అయింది. మూడోసారి ఆ పట్టికే అనుబంధంలోకి వెళ్లింది. అబద్ధం ఒక్కటీ లేదు. అంకెలన్నీ నావే. చదివినవాడికి మాత్రం ఏమీ జరగలేదనిపిస్తుంది.

కోపమొచ్చి ఒప్పందం తీసి చూస్తే, ఏం ప్రచురించాలన్నా వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలని ఏడో పేజీలో ఉంది. అడుగున సంతకం నాదే.

గాజుకుప్పె

ఉప్పుకల్లు గారూ, యాంటీబయాటిక్ విషయంలో మీదే పైచేయి. ఒప్పుకుంటున్నాను. అడగని ప్రశ్నకి నా దగ్గర మందు లేదు. అక్కడ ప్రజాధనమే దిగాలి.

కానీ ప్రజాధనం దిగితే చాలనీ అనుకోకండి. గుండె జబ్బుల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ డబ్బుతో జరిగిన పెద్ద ట్రయల్స్‌ని 2015లో లెక్కేశారు. 2000కి ముందు 30లో 17 చికిత్స మేలు చేసిందన్నాయి. ఆ తర్వాత 25లో రెండే. మధ్యలో వచ్చిన పెద్ద మార్పు, ఏం కొలుస్తామో ముందే బహిరంగంగా నమోదు చేయాల్సి రావడం. బాణం వేశాక దాని చుట్టూ గీత గీసే వీలు పోయింది. కంపెనీ లేకపోయినా, మంచి ఫలితం రావాలన్న ఆశ ఒక్కటి చాలు మనిషిని వంచడానికి.

వోల్ట్‌మీటర్

నమోదు మంచిదే, ఒప్పుకుంటాను. కానీ అది మందులకే కదా. పూతలకీ బ్యాటరీలకీ ఎవరు చేయిస్తారు? టెస్టురిపోర్టు గారూ, ఆ ఏడో పేజీ సంగతి తర్వాతేమైంది?

టెస్టురిపోర్టు

తర్వాతి రెండు ప్రాజెక్టులకి ఆ క్లాజు కొట్టేయమని అడిగానండి. ఒకరు "ప్రచురణకి అరవై రోజుల ముందు మాకు చూపించండి, ఆపం" అని మార్చి ఇచ్చారు. రెండోవాళ్లు ప్రాజెక్టే వేరే ల్యాబుకి ఇచ్చేశారు. అక్కడ ఎవరు సంతకం పెట్టారో తెలియదు.