గులాబీ పువ్వు శిస్తుగా కట్టే పొలం కూడా ఉంటుందా?

మల్కాజిగిరి అత్తమ్మ:
మా కోడలు ఇంగ్లండ్‌లో చరిత్ర చదువుతోంది. 1200ల నాటి అక్కడి భూమి పత్రాలకు అనువాదాలు పంపింది. ఒకదాంట్లో అరెకరం పొలం ఇచ్చి, ఏటా జూన్ 24న సెయింట్ జాన్ పండుగకి ఒక గులాబీ పువ్వు ఇస్తే చాలన్నారు. ఇంకోదాంట్లో పౌను జీలకర్ర. ఇది శిస్తా, సరదానా? పైగా పత్రాలన్నీ ఒకేలా ఉన్నాయి. వీటిలో ఊరి సంగతులు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు చెప్పండి.

పాత దస్తూరి:
అమ్మా, నమస్తే. సికింద్రాబాద్ వైపు ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట 31 ఏళ్లు దస్తావేజులు రాశాను. పని మానేసినా పిచ్చి పోలేదు, ఇప్పుడు వీటిని చదువుతున్నా.

గులాబీ సరదా కాదు. అసలు సొమ్ము చాలాసార్లు ముందే చేతులు మారేది. కొన్నవాడు అమ్మినవాడి కింద భూమి అనుభవిస్తున్నట్టు లెక్క. ఆ సంబంధానికి గుర్తుగా ఏటా ఒక పువ్వో, చేతితొడుగుల జతో, మిరియాలో ఇచ్చేవాడు. 1290లో మొదటి ఎడ్వర్డ్ రాజు చట్టం తెచ్చి, కొన్నవాడు ఇకమీద అమ్మినవాడి పైదొరకే జవాబుదారీ అన్నాక అమ్మకాల్లో ఈ పద్ధతి పోయింది. ఆ మిరియాలు మన మలబారు నుంచి వెళ్లినవే సుమండీ.

ఒకేలా ఉన్నాయన్నారు. ఉంటాయి. "ఇప్పుడున్నవారికీ ఇకముందు రాబోయేవారికీ తెలియవలెను" అని లాటిన్‌లో మొదలై, బాటలు, పచ్చికబయళ్లు, నీళ్లు సమస్తంతో వారసులకు అని సాగుతుంది. మన "పుత్రపౌత్ర పారంపర్యంగా, దానవిక్రయాది సర్వహక్కులతో" లాంటిదే. నేను వేలసార్లు రాశాను, ఒక్కసారి కూడా మనసుపెట్టి చదవలేదు! అది దాటేసి హద్దులకు రండి. సర్వే నంబర్లు లేవు, పటాల్లేవు. ఫలానావాడి పొలం చెక్కకీ ఫలానా వితంతువు చెక్కకీ నడుమ, ఒక కొస మిల్లు బాట మీదికి అని ఉంటుంది. అంటే ఊళ్లో మిల్లుంది, ఆడవాళ్ల చేతిలో భూమి ఉంది, ఒక్కొక్కరి పొలం ముక్కలుగా చెదిరి ఉంది. పేర్లు కూడా కమ్మరి, మిల్లువాడు, బావి దగ్గరివాడు అనే ఉంటాయి. నా దగ్గర ఒకాయన పడమర హద్దు శ్మశానం అని రాస్తే ప్లాటు రేటు పడిపోతుందని, "ఖాళీ స్థలం" అనమని బతిమాలాడు. నేను రాయలేదు.

తర్వాత సాక్షులు. అవే పేర్లు పత్రం తర్వాత పత్రంలో వస్తుంటే ఊళ్లో ఎవరి మాట చెల్లేదో తెలుస్తుంది. తేదీ లేని పత్రాలకి ఆ పేర్లే ఆధారం. చివరి సాక్షి చాలాసార్లు ఒక గుమాస్తా, ఆ పత్రం రాసింది అతనే అయ్యుండొచ్చు. మనవాడే అనిపించింది.

తార్నాక రీసెర్చ్:
అంకుల్, ఒక్క మాట. వీటిలో కనిపించేది ఎక్కువగా స్వతంత్ర రైతులే. దొరకి వెట్టి చేసే విల్లెయిన్ల భూములు మేనర్ కోర్టు, అంటే ఆ దొర సొంత కోర్టు పుస్తకాల్లో చేతులు మారేవి. పత్రాలొక్కటే చదివితే ఊళ్లో చాలామంది అసలు లేనట్టే. వితంతువుల సంగతి మాత్రం బాగుంటుంది. భర్త భూమిలో మూడోవంతుపై ఆమెకి బతికున్నంతకాలం హక్కు. అందుకే కొన్నవాడు ఆమెతో వేరే విడుదల పత్రం రాయించుకునేవాడు.

పాత దస్తూరి:
ఒప్పుకున్నానమ్మా. విల్లెయిన్ల మాట నాకు తట్టలేదు.

మల్కాజిగిరి అత్తమ్మ:
మరి దొంగ పత్రాలో? ఇక్కడ ఒకే ప్లాటు ముగ్గురికి అమ్ముతున్నారు, అదే టెన్షన్.

పాత దస్తూరి:
వాళ్లకీ ఉండేది. ఒకే గొర్రెతోలు మీద రెండుసార్లు రాసి, మధ్యలో ఒక మాట రాసి, ఆ అక్షరాల మీదుగా వంకరటింకరగా కోసేవారు. తగాదా వస్తే రెండు ముక్కలూ అతకాలి. రాజు కోర్టులో ఖరారైన ఒప్పందాలకైతే 1195 నుంచి అడుగున మూడో ప్రతి రాసి ఖజానాలో దాచారు. అవి లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

మల్కాజిగిరి అత్తమ్మ:
మా లింక్ డాక్యుమెంటు తీసి చూశానండీ. ఉత్తరం హద్దు "ఇతరుల స్థలం", అంతే. ఇది రాసింది మీరు కాదు కదా?

పాత దస్తూరి:
ఏ సంవత్సరం అమ్మా?